కిలోను అనుమానించండి, తూచి చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇల్లు కట్టే మేస్త్రి ఒక్క మాటలో రెండు లెక్కలు కలిపేస్తాడు. "పదడుగుల గదే కదా బాబూ, పది ఎం.ఎం. ఊచలు సరిపోతాయి" అంటాడు. గది అడుగుల్లో, ఊచ మిల్లీమీటర్లలో. అదే ఇంటి స్థలం నోటిమాటలో సెంట్లు, ఒడియా పట్టా మీద డెసిమిల్. ఇంటావిడ గొలుసు తులాల్లో, పాలు లీటర్లలో, మల్లెపూలు మూరల్లో, టీవీ అంగుళాల్లో. మెట్రిక్ కొలతల చట్టం పార్లమెంటులో పాసైంది 1956లో. 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలైంది. 1962 ఏప్రిల్ నాటికి పాత తూకాలు చట్టవిరుద్ధమయ్యాయి. అరవై ఏళ్లు దాటినా మన బేరాల్లో పాత కొలతలు సగానికి సగం అలాగే ఉన్నాయి.

ఎందుకు? "మనవాళ్లకు మార్పంటే భయం, చదువు తక్కువ" అనే జవాబు తేలిగ్గా వచ్చేస్తుంది. నేను దాన్ని ఒప్పుకోను. కొత్త కొలతను వద్దన్నవాళ్లు ఊరికే వద్దనలేదు, కారణాలు చెప్పారు. "కిలో పేరు చెప్పి ధర పెంచుతారు", "పాతది మన తాతలది", "పదిని మూడు భాగాలు చెయ్యలేం", "కాటా అంకెలు నాకు తెలియవు, డబ్బా అయితే కళ్లకు కనిపిస్తుంది". వీటిలో కొన్ని తప్పు, కొన్ని సగం నిజం, కొన్ని నూటికి నూరుపాళ్లు నిజం. ఏది ఏదో తేల్చాలంటే అరిచి లాభం లేదు, వెక్కిరించీ లాభం లేదు. ప్రతి మాటనూ మూడు ప్రశ్నలతో పరీక్షించాలి. దేనితో పోల్చి చెబుతున్నావు? మరొకరు కొలిస్తే అంతే వస్తుందా? తేడా వస్తే అది ఎవరి జేబులోకి పోతుంది? ఈ ప్రశ్నలు పాత కొలతలను ఎలా అడుగుతామో మెట్రిక్‌నూ అలాగే అడగాలి. ప్రభుత్వం చెప్పింది కాబట్టి మంచిదనడం కూడా గుడ్డి నమ్మకమే.

రెండు లెక్కల మధ్య ఊళ్లు

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా, కొరాపుట్ కొండ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అందుకే బరంపురం నుంచి జయపురం దాకా తెలుగువాళ్ల కొట్లలో నడిచింది మద్రాసు లెక్క. 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశ, 8 వీశలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువు. వీశలో నాలుగో వంతు పదలం, ఎనిమిదో వంతు ఏబులం. ఉత్తరాది లెక్క వేరు. అక్కడ 80 తులాలు సేరు, 40 సేర్లు మణుగు. రెండింటి పేరూ మణుగే, కానీ మద్రాసు మణుగు 11 కిలోల పైచిలుకు, ఉత్తరాది మణుగు 37 కిలోల పైచిలుకు. పేరు ఒకటే, బరువు మూడు రెట్లకు పైగా తేడా. రెండు లెక్కలూ ఎదురుపడే సరిహద్దు ఊళ్లో ఒక మణుగు పసుపు బేరమంటే, ముందు ఎవరి మణుగో తేల్చుకోవాలి.

"పాత కొలతలు అందరికీ తెలిసినవి" అనే వాదన ఇక్కడే వీగిపోతుంది. అవి తెలిసింది ఆ ఊరివాళ్లకు, ఆ కొట్టువాడికి. ఊరు దాటితే లెక్క మారేది. దాంతో అటూ ఇటూ లెక్క తెలిసిన మధ్యవర్తికి బలం పెరిగేది. కొండ దిగి వచ్చిన అమ్మకందారుకు ఆ బలం లేదు.

అణా పైసల్లో పోయిన నాలుగు పైసలు

జనం అనుమానం ఎంత సరైనదో తూకాల కంటే ముందు డబ్బే చూపించింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 కొత్త పైసలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి 16 అణాలు, 64 పైసలు, 192 దమ్మిడీలు. లెక్క ప్రకారం ఒక అణా అంటే 6.25 కొత్త పైసలు. పావు పైసా నాణెం లేదు కాబట్టి మార్పిడి పట్టికలో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 పైసలని పెట్టారు.

ఇప్పుడు ఒక కూలి మనిషి దగ్గర పదహారు విడి అణాలున్నాయనుకోండి. వాటిని ఒక్కొక్కటిగా మార్చుకుంటే ఆరేసి చొప్పున 96 పైసలు వస్తాయి. రూపాయి అని చేతిలో పట్టుకున్నది 4 పైసలు తరిగింది. అవే అణాలను నాలుగేసి కలిపి పావలాలుగా మార్చుకుంటే సరిగ్గా 100 పైసలు. పట్టిక ఒక్కటే, మార్చుకునే తీరును బట్టి నష్టం. కొట్టువాడి వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. అణాకు అమ్మే టీని 6 పైసలకు అమ్మితే అతనికి పావు పైసా నష్టం. అందుకని 7 చేస్తే, తాగేవాడి మీద 12 శాతం ధర పెరిగినట్టు. "కొత్త పైసలొచ్చాక అన్నీ ప్రియమయ్యాయి" అన్న ముసలమ్మది చాదస్తం కాదు. చిల్లర బేరాల్లో ఆమె మాట నిజం కావడానికి పూర్తి అవకాశం ఉంది. అయితే తప్పు దశాంశానిది కాదు. సర్దుబాటు ఎటువైపు చేశారన్నదే అసలు సంగతి.

హేతువుతో అనుమానించడమంటే నాకు తెలిసింది ఇదే. ఫిర్యాదును కొట్టిపారెయ్యకుండా, అలాగని మొత్తంగా మింగెయ్యకుండా, నష్టం ఏ మెట్టు దగ్గర జరిగిందో వేలు పెట్టి చూపించడం. అలా చూపించగలిగితే ఆ ముసలమ్మే అణాలను నాలుగేసి కలిపి మార్చుకుంటుంది. వేరే ప్రచారం అక్కర్లేదు.

తూకాల్లోనూ అదే జరిగింది. తులం 11.66 గ్రాములు. 120 తులాల వీశ దాదాపు 1.4 కిలోలు. 80 తులాల సేరు 933 గ్రాములు. కొట్టువాడు వీశ రాయి తీసేసి కిలో రాయి పెట్టి "రెండూ ఒకటేనమ్మా" అని పాత ధరే తీసుకుంటే, కొనే మనిషికి 400 గ్రాముల చింతపండు తగ్గింది. అంటే ఏడు పాళ్లలో రెండు పాళ్లు. అదే సేరు ధరకు కిలో ఇస్తే ఆమెకు 67 గ్రాములు లాభం. సేరు నుంచి కిలోకు మారినప్పుడు రూపాయికి 7 పైసల దాకా పెంచడం న్యాయం, 12 పైసలు పెంచితే దోపిడీ. "కిలో వస్తే మోసం" అన్న మాటకు "అవునా, కాదా" అన్న జవాబు కుదరదు. వీశ స్థానంలో వచ్చిందా, సేరు స్థానంలో వచ్చిందా, ధర ఎంత పెట్టారు అని అడిగితేనే జవాబు వస్తుంది. వీశ ధరను 1.4తో భాగిస్తే కిలో ధర. ఈ ఒక్క లెక్క చేతిలో ఉన్నవాళ్లను కొట్టువాడు ఏమీ చెయ్యలేడు.

"మనది" అనుకున్నది ఎవరిది?

పాత కొలతల పక్షాన గట్టిగా వినిపించే మాట "అవి మన తాతలవి, ఇవి పరాయివి". దీన్నీ పరీక్షకు పెట్టాలి. మనం తాతల నాటిదనుకునే తులాన్ని ఇంగ్లిష్ తూకంలో 180 గ్రెయిన్లుగా స్థిరపరిచింది 1833లో ఈస్టిండియా కంపెనీ. అంతకుముందు తులం ఉంది, కానీ ఊరికో తులం. ఎకరం ఇంగ్లండు నుంచి వచ్చింది. సర్వేలో లాగే గొలుసును 66 అడుగులుగా, 100 లింకులుగా ఖరారు చేసినవాడు పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ గణితజ్ఞుడు ఎడ్మండ్ గంటర్. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఆ ఎకరాన్ని వంద భాగాలు చేస్తే వచ్చిందే మన సెంటు, ఒడియావాళ్ల డెసిమిల్. మెట్రిక్ వద్దని సెంటును పట్టుకున్న మనిషి కూడా వందతో భాగించే దశాంశ పద్ధతినే వాడుతున్నాడు.

ఇక పౌండు, అంగుళం వదలని అమెరికావాళ్ల సంగతి. 1893 నుంచే అక్కడ పౌండుకూ గజానికీ కిలో, మీటరే ఆధారం. 1959లో ఇంగ్లిష్ మాట్లాడే దేశాలు కలిసి ఒక పౌండు సరిగ్గా 0.45359237 కిలోలని ఒప్పుకున్నాయి. బయటికి పౌండు కనిపించినా లోపల కిలోనే. కాబట్టి ఫలానా కొలత మనదా పరాయిదా అన్న తగువులో ఎవరి చేతిలోనూ శుద్ధమైన తాతల ఆస్తి లేదు.

అలాగని మెట్రిక్‌ను ఆకాశానికెత్తే మాటలనూ వదలకూడదు. మీటరు ప్రకృతి నుంచి పుట్టిందని పాఠాల్లో చదువుకుంటాం. 1790లలో ఫ్రెంచివాళ్లు ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతు మీటరన్నారు. దలాంబ్ర్, మెషేన్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రజ్ఞులు డంకిర్క్ నుంచి బార్సిలోనా దాకా ఏళ్ల తరబడి కొలిచారు. చివరికి వచ్చిన మీటరు అసలు ఉండాల్సిన దానికంటే దాదాపు 0.2 మిల్లీమీటర్లు పొట్టి. అయినా ఎవరూ మార్చలేదు, ఎందుకంటే మీటరు బలం భూగోళంలో లేదు. దేశాలన్నీ ఒక్క మాట మీద నిలబడి, ఎవరైనా ఎక్కడైనా సరిచూసుకునే వీలు ఇవ్వడంలో ఉంది. 1875 మే 20న 17 దేశాలు సంతకం చేసిన మీటరు ఒప్పందం సారం అదే. మనదేశం అందులో 1957లో చేరింది. పారిస్ దగ్గర గాజు గంటల కింద దాచిన లోహపు ముద్దే కిలోకు ఆధారంగా ఉండేది. 2019 మే 20 నుంచి ఆ ముద్దను కూడా పక్కన పెట్టి, ప్రకృతిలో ఎప్పుడూ మారని ప్లాంక్ స్థిరాంకం అనే విలువ మీద కిలోను నిలబెట్టారు. తమ ప్రమాణాన్ని తామే అనుమానించి, అంతకంటే గట్టిదాన్ని వెతుక్కున్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే పట్టుదల ఉంటే ఆ పని జరిగేదే కాదు.

మెట్రిక్ పుట్టిన దేశంలో కూడా జనం ఒక్క రోజులో మారలేదు. 1795లో చట్టం వచ్చింది. జనం కదలకపోతే 1812లో నెపోలియన్ పాత పేర్లతో బజారు కొలతలను మళ్లీ అనుమతించాడు. 1840 జనవరి 1 నుంచి గానీ అక్కడ మెట్రిక్ తప్పనిసరి కాలేదు. దాంతో పోలిస్తే, భాషకో లెక్క, ఊరికో రాయి ఉన్న మనదేశం 1956 నుంచి 1962 లోపల బజారు తూకాలను మార్చగలగడం చిన్న విషయం కాదు.

నిజమైన అభ్యంతరం ఒకటుంది

పాత పద్ధతి పక్షాన నాకు నిజాయతీగా కనిపించే వాదన భాగాలది. పన్నెండును రెండు, మూడు, నాలుగు, ఆరు భాగాలు చెయ్యొచ్చు. పదహారును సగం, సగంలో సగం అంటూ ఒకటి దాకా తేవచ్చు. పదిని రెండుతో, అయిదుతో తప్ప భాగించలేం. 1896లో హెర్బర్ట్ స్పెన్సర్ అనే ఇంగ్లిష్ తత్త్వవేత్త మెట్రిక్‌ను వ్యతిరేకిస్తూ రాసిన లేఖల్లో ఇదే గట్టి అస్త్రం. సోల, అరసోల, గిద్దె అని సగాలుగా దిగే మన కొలతలు పంచుకునే చేతికి నిజంగానే అనువు. ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ "దేనితో పోల్చి?" అని అడిగితే వాదన కొంత పలుచనవుతుంది. పాత లెక్క అన్నిచోట్లా పదహారు కాదు. పలానికి 3, వీశకు 40, మణుగుకు 8, బారువుకు 20. అడుగుకు 12 అంగుళాలు, గజానికి 3 అడుగులు. ప్రతి మెట్టుకూ వేరే ఎక్కం. 2 మణుగుల 3 వీశల 15 పలాల పసుపును వీశ ధర కట్టి లెక్కగట్టమంటే కాగితం, కలం, సమయం కావాలి, పైగా తప్పు దొర్లిందో లేదో అవతలి మనిషికి తెలియదు. 27.125 కిలోలకైతే గుణింతం ఒక్కటే. బజారులో సగం, పావు కావాలంటే అరకిలో, పావుకిలో ఎలాగూ ఉన్నాయి. పావు, అర, ముప్పావు అనే అలవాటును మెట్రిక్ తీసెయ్యలేదు, వెయ్యి గ్రాముల మీద కూర్చోబెట్టింది. మూడు భాగాల ఇబ్బంది మాత్రం మిగిలే ఉంది.

పాత కొత్త కలిసినచోట ప్రమాదం ఉందన్నదీ నిజమే. 1983 జులైలో కెనడాలో ఒక బోయింగ్ విమానానికి 22,300 కిలోల ఇంధనం కావాల్సి వచ్చింది. లీటరు ఇంధనం 0.8 కిలోలు. లెక్కలో మాత్రం 1.77 వేశారు, అది లీటరుకు పౌండ్లు. విమానం మధ్య ఆకాశంలో ఇంధనం అయిపోయి, జారుకుంటూ వచ్చి గిమ్లి అనే చోట దిగింది. అందరూ బతికారు. దీన్ని మెట్రిక్ తప్పుగా చెప్పేవాళ్లున్నారు. చూస్తే తప్పు కిలోదీ కాదు, పౌండుదీ కాదు. అంకె పక్కన కొలత పేరు అడగకపోవడం. పిల్లలకు మందు పోసేటప్పుడు మన ఇళ్లలో జరిగేదీ ఇదే. డాక్టరు 5 మి.లీ. అని రాస్తే వంటింట్లో చేతికందిన చెంచాతో పోస్తారు. ఏ చెంచా 5 మి.లీ.? సీసాతో వచ్చిన గీతల మూతే దానికి జవాబు.

గుంట ఎంత?

తూకాలు మారాయి గానీ భూమి మారలేదు. ఇక్కడ మొండితనం కంటే అవసరం ఎక్కువ. పాత దస్తావేజులన్నీ ఎకరాల్లో ఉంటే కొత్త మనిషి హెక్టార్లు మాట్లాడి ఏం చేస్తాడు? కానీ సరిహద్దులో ఈ అలవాటు ఖరీదైనది. తెలంగాణలో, మహారాష్ట్రలో ఎకరానికి 40 గుంటలు, అంటే గుంట 121 చదరపు గజాలు. ఒడిశాలో కటకం, భువనేశ్వర్ వైపు లెక్కలో ఎకరానికి 25 గుంటలు. గుంటకు 4 డెసిమిల్, అంటే 193.6 గజాలు. అయిదు గుంటల స్థలమని ఫోనులో మాట్లాడుకుంటే ఒకరి మనసులో 605 గజాలు, మరొకరి మనసులో 968 గజాలు. తేడా 363 గజాలు, ఒక మంచి ఇల్లు పట్టేంత. ఇద్దరూ నిజాయతీపరులే కావచ్చు. చదరపు మీటర్లలో చెప్పుకుంటే ఒకటి 506, మరొకటి 809. అపార్థానికి చోటే లేదు.

గడ్చిరోలి జిల్లా సిరొంచ తెలుగు రైతుకు ఈ మార్పు తేలికైన తీరు చూడండి. మహారాష్ట్రలో భూమి హక్కు కాగితమైన సాత్ బారా మీద విస్తీర్ణం హెక్టార్లలో, ఆర్‌లలో ఉంటుంది. ఒక ఆర్ 100 చదరపు మీటర్లు. అక్కడి గుంట 101.17 చదరపు మీటర్లు. గుంట, ఆర్ దాదాపు ఒకటే. నోటితో గుంట అన్నా కాగితం మీద ఆర్ అన్నా చిన్న కమతంలో పెద్ద తేడా రాదు. నలభై గుంటల దగ్గరికి వస్తే మాత్రం అర ఆర్‌కు కొంచెం తక్కువగా తేడా పడుతుంది, అప్పుడు కాగితమే చూడాలి. కొత్త కొలత పాతదానికి దగ్గరగా ఉన్నచోట జనం కష్టపడకుండా దాటేస్తారు. 1.4 కిలోల వీశ, 4047 చదరపు మీటర్ల ఎకరం లాంటివి దాటడం కష్టం. ప్రతిఘటనలో సగం మనస్తత్వం కాదు, అంకగణితం.

బంగారంలో మారింది కొలత కాదు, పేరు వెనకున్న బరువు. ఇప్పుడు కొట్టులో తులమంటే 10 గ్రాములు. అమ్మమ్మ నాటి గొలుసు అయిదు తులాలంటే 58.3 గ్రాములు. ఆ మాటనే పట్టుకుని ఇప్పటి తులాల్లో అమ్మేస్తే 8 గ్రాములకు పైగా పోయినట్టే. గ్రాముల్లో తూయించి రాయించుకుంటే ఈ బాధ ఉండదు.

మీటరు వాడితే వచ్చే లాభం కూడా నమ్మకం మీద కాకుండా చేసి చూసి ఒప్పుకోవాల్సిందే. ఊచ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు ఊచ బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎం.ఎం. ఊచ మీటరుకు 0.889 కిలోలు, 12 మీటర్ల నిలువు ఊచ 10.67 కిలోలు. ప్రమాణాలు కొద్ది శాతం తేడాను ఒప్పుకుంటాయి. అంతకంటే తేలిక ఊచ వస్తే దుకాణంలోనే అడగొచ్చు. అలాగే ఒక మిల్లీమీటరు వాన పడితే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు విన్న మిల్లీమీటర్ల అంకెలు చాలామందికి వట్టి అంకెలే. 200 మిల్లీమీటర్ల వానంటే హెక్టారు కొండవాలు మీద 20 లక్షల లీటర్లని తెలిస్తే, ఆ హెచ్చరిక వినే తీరు మారుతుంది.

సంతలో గోపురం

రాయగడ, గజపతి జిల్లాల వారపు సంతల్లో సవరలు, కొందులు తెచ్చే చోళ్లు, కందులు ఇంకా చాలాచోట్ల డబ్బాతోనే కొలుస్తారు. అడ్డ అంటారు, మాణ అంటారు, తెలుగువాళ్లు కుంచం, మానిక అంటారు. కొనేవాడు డబ్బా నింపి పైన గోపురం కట్టేదాకా పోయిస్తాడు. "గోపురం ఎంతుంటుందిలే, గుప్పెడు" అనుకుంటాం. లెక్క వేద్దాం.

15 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గుండ్రటి డబ్బాలో తల కొట్టి, అంటే అంచుకు సమంగా, పోస్తే 2.65 లీటర్ల గింజలు పడతాయి. గింజ గోపురం 30 డిగ్రీల వాలుతో నిలిచిందనుకుంటే, పైన ఇంకో పావు లీటరు. దాదాపు పదో వంతు ఎక్కువ. ఇప్పుడు అంతే గింజ పట్టే ఇంకో డబ్బా తీసుకోండి, కానీ మూతి 20 సెంటీమీటర్లు, ఎత్తు ఎనిమిదిన్నర. తల కొట్టి పోస్తే రెండూ సమానమే. గోపురం కట్టి పోస్తే రెండో డబ్బా మీద 0.6 లీటర్లు నిలుస్తాయి. అంటే 23 శాతం. కొనేవాడు డబ్బాలో మోసం చెయ్యలేదు, అడుగు నొక్కలేదు, ముద్ర చెరపలేదు. మూతి వెడల్పు చేశాడంతే. అమ్మే మనిషి రెండు డబ్బాలనూ తల కొట్టి పోల్చి చూస్తే సమానమే వస్తుంది, మరింత నమ్ముతుంది.

ఇంత తెలిశాక కూడా చాలామంది కాటా కంటే డబ్బానే కోరుకుంటారు. ఆ కోరికను తప్పుపట్టే ముందు వాళ్ల కారణం వినాలి. డబ్బా నిండడం కంటికి కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ కాటా ముఖం కొనేవాడి వైపు తిరిగి ఉంటుంది, అంకె చదవడం రాకపోతే అతను చెప్పిందే వేదం. తూకం ముందు సున్నా ఉందో లేదో కూడా తెలియదు. కాటాను నమ్మకపోవడం అక్కడ బుద్ధిమంతుల లక్షణమే. ఆ అపనమ్మకాన్ని పోగొట్టాలంటే "కాటా శాస్త్రీయం" అని చెబితే సరిపోదు, ఆమె చేత్తో పరీక్ష చేయించాలి. ఇంట్లోని తన మాణను తన చోళ్లతోనే తల కొట్టి నింపి, ఊళ్లో నమ్మకమైన కాటా మీద, వీలైతే రెండు కాటాల మీద తూయించి, ఎన్ని గ్రాములో గుర్తుపెట్టుకుంటే చాలు. ఇంట్లో ఎన్ని మాణలు పోసి తెచ్చిందో ఆమెకు తెలుసు. సంత కాటా ఆ లెక్కకు దగ్గరగా చూపించాలి. చూపించకపోతే అడగడానికి ఆమె చేతిలో ఆధారం ఉంది. పాత కొలత ఇక్కడ మెట్రిక్‌కు అడ్డు కాదు, దాన్ని నిలదీసే సాక్షి.

కాటాను ఇంకోలా కూడా పట్టుకోవచ్చు. లీటరు నీళ్లు దాదాపు కిలో, మామూలు ఎండలో మూడు నాలుగు గ్రాములు తక్కువ. ఖాళీ సీసా ఒకసారి, లీటరు గీత దాకా నింపి మరోసారి తూస్తే తేడా వెయ్యికి దగ్గరగా రావాలి. రెండు తట్టల త్రాసైతే సరుకు, రాళ్ల చోట్లు మార్చి చూడాలి. ఒకవైపు కిలో చూపించి, మార్చితే 960 గ్రాములు చూపిస్తే దండె చేతులు సమానంగా లేవు, అసలు బరువు 980 దగ్గర ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి, రాళ్లకు, మామూలు త్రాసుకు రెండేళ్లకోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. ఆ ముద్ర చూపించమని అడిగే హక్కు కొనే అమ్మే ఇద్దరికీ ఉంది. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కి ఫోను చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు.

మెట్రిక్ వస్తే మోసాలు తగ్గుతాయన్న హామీని మాత్రం ఒడిశా ధాన్యం మండీల దగ్గర ఆగి పరీక్షించాలి. అక్కడ అంతా క్వింటాలే, కిలోలే. కాటా సరిగ్గానే చూపించవచ్చు. తూచాక తేమ, తాలు, నాణ్యత పేరుతో క్వింటాకు ఇన్ని కిలోలని కోత పెడతారు. కట్నీ ఛట్నీ అనే ఈ కోత మీద రైతులు ఏళ్లుగా గొంతెత్తుతున్నారు. 2024–25లో కేంద్రం మద్దతు ధర 2,300కు రాష్ట్రం ఇచ్చే 800 కలిసి క్వింటాకు 3,100 రూపాయలైంది. ఆ లెక్కన 5 కిలోల కోతంటే 155 రూపాయలు. ఇరవై క్వింటాళ్లు తెచ్చిన రైతుకు 3,100, అంటే ఒక క్వింటా మొత్తం పోయినట్టే. కిలో రాయి ఎంత కచ్చితమైనదైనా ఈ నష్టాన్ని ఆపలేదు, ఎందుకంటే కోత రాయి దగ్గర పడలేదు. అది తూకానికీ రసీదుకూ మధ్య పడింది. ధాన్యానికి తేమ పరిమితి 17 శాతం. తేమ మీటరు ఎంత చూపించింది, కాటా ఎంత చూపించింది, ఎన్ని కిలోలు ఏ కారణానికి తీశారు అనే మూడు అంకెలనూ రసీదు మీద విడివిడిగా రాయించుకుంటే, మూడింటినీ మరో మీటరు మీద, మరో కాటా మీద సరిచూడొచ్చు. కలిపి ఒకే అంకెగా రాసిన రసీదును ఎవరూ సరిచూడలేరు.